తర్లగూడ నుంచి వచ్చిన మోటారు

ఆ అమ్మాయి మోటారుని నా బల్ల మీద పెట్టలేదు, పడేసింది. బల్ల మీదున్న బోల్టులన్నీ ఎగిరి కింద పడ్డాయి. వాటితో పాటు నా టీ గ్లాసు కూడా పోయింది.

"నర్సన్న ఎవలు?" అంది.

"నేనేనండి."

నన్ను పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి చూసింది. "నువ్వు కాదు. మీ నాయన్ను పిలువు. వీడియోలల్ల చెప్పే ముసలాయన."

"వీడియోల్లో చెప్పేది నేనేనండి. అందులో చేతులే కదా కనబడేది."

"మరి ఆ గొంతు?"

"జలుబండి. వానాకాలం మొదట్లో పట్టుకుంది, ఇంకా వదల్లేదు."

"జలుబు తగ్గినంక చెప్పరాదు? మంది మోటార్లు కాలబెట్టుడెందుకు?"

ఇదీ మా తొలి పరిచయం. నాకు కోపం రావాలి. కానీ ఆమె చెంప మీద గ్రీజు మరక ఒకటి గీతలా అంటుకుని ఉంది. ఆ సంగతి ఆమెకి తెలియదు, చెప్పే ధైర్యం నాకు లేదు. ఆ గీతనే చూస్తూ నిలబడితే కోపం ఎటో పోయింది.

ముందు నా సంగతి చెప్పేస్తాను. నా పేరు రామనర్సయ్య, మా అమ్మ తరఫు తాత పేరు. మా నాన్న శ్రీకాకుళం నుంచి ఈ కిరండూల్ ఇనుప గనిలో పనికొచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. నాకు గనిలో ఉద్యోగం రాలేదు. మోటారు వైండింగ్ నేర్చుకుని బజారులో ఒక రేకుల షెడ్డులో షాపు పెట్టాను. షాపైతే పెట్టాను గానీ, వచ్చేవాళ్లేరీ? గని టౌన్‌షిప్‌లో మిక్సీ పాడైతే ఫోన్‌లో కొత్తది తెప్పించుకుంటారు. పొద్దున షట్టరెత్తి కొండ మీది నుంచి వచ్చిన ఎర్రదుమ్ము తుడుచుకోవడం, సాయంత్రం మళ్లీ అదే దుమ్ము తుడిచి షట్టరేయడం. ఆరు నెలలు నేను చేసిన వ్యాపారం అదే.

ఒకరోజు విసుగొచ్చి ఫోన్‌ని బల్లకి కట్టి, పంపు మోటారు విప్పుతూ తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. ఇది పాడైతే ఇలా చూసుకోండి, ఇంత మాత్రానికి మెకానిక్ దగ్గరికి పరిగెత్తకండి అని. 'నర్సన్న రిపేర్' అని పేరు పెట్టాను. పక్కన టైర్ల షాపు సుక్రాం చూసి నెత్తి కొట్టుకున్నాడు. "అంతా ముఫ్త్‌లో నేర్పేస్తే నీ దగ్గరికెవడొస్తాడు భాయ్?" అన్నాడు.

"చిన్న చిన్నవి వాళ్లే చేసుకుంటారు. చేతకానిది వచ్చినప్పుడు ఎవరు గుర్తొస్తారు? ఊరికే చెప్పినోడే కదా," అన్నాను. పైకలా అన్నానే గానీ నాకూ నమ్మకం లేదు. నిజంగానే తర్రెం నుంచి ఒకాయన పంపు పట్టుకొచ్చిన రోజున నేను సుక్రాంకి రెండు సమోసాలు తినిపించాను. తెలంగాణ సరిహద్దు ఊళ్లలో తెలుగువాళ్లు ఫోన్ నుంచి ఫోన్‌కి నా వీడియోలు పంపుకుంటున్నారని అప్పుడే తెలిసింది. అందరూ "అన్నా, అన్నా" అని కామెంట్లు పెట్టేవాళ్లు. పేరే నర్సన్న కదా మరి.

ఇప్పుడు మళ్లీ బల్ల దగ్గరికి వద్దాం.

"నా పేరు భద్రమ్మ. మాది తర్లగూడ. నిన్న పొద్దుగాల బస్సెక్కితే రాత్రికి దిగిన. మా బుల్లమ్మ చిన్నమ్మ ఇల్లు ఇక్కడనే. నీతోటి కొట్లాడనీకే వచ్చిన," అంది ఆ అమ్మాయి.

"కూర్చుని కొట్లాడండి," అని స్టూలు జరిపాను.

కూర్చోలేదు. ఎగువన పడ్డ వానలకి వాళ్ల వాగు పొంగి మోటారు రాత్రంతా నీళ్లలో మునిగిందట. భోపాలపట్నం మెకానిక్‌ని అడిగితే అందరి మోటార్లూ మునిగాయి, పది రోజులు పడుతుందన్నాడట. అప్పుడు నా వీడియో పెట్టుకుని తనే పనికి దిగిందట.

"నువ్వు చెప్పినట్టే కరెంటు బంద్ చేసిన. చెప్పినట్టే షాఫ్టు చేత్తోటి తిప్పిన. ఒక్క చుట్టు తిరిగింది. చాలూ చేసిన. పొగ లేసింది."

"తడి మోటారుకి కరెంటిచ్చారా? ఆరబెట్టకుండా ఇవ్వొద్దని చెప్పానే."

"ఎక్కడ చెప్పినవ్? చాలూ అన్నవ్."

"నేననలేదు."

"అన్నవ్."

వీడియో పెట్టాను. నా చేతులు కనబడ్డాయి, నా జలుబు గొంతు వినబడింది. "షాఫ్టు చేత్తో తిప్పండి. ఒక్క చుట్టు తిరిగిందా, చాలు..." ఆ తర్వాత పెద్ద దగ్గు. ఎంత దగ్గంటే, ఒక మనిషి లేచి వెళ్లి స్టార్టర్ నొక్కి రావచ్చు. దగ్గు తీరాక, "ఇప్పుడు విప్పి రెండు రోజులు ఎండబెట్టండి. తడి ఉండగా కరెంటు ఇవ్వకండి," అని ఎంతో బుద్ధిగా చెబుతున్నాను.

ఇద్దరం ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం.

తెలుగులో చాలు అంటే ఇక ఆపమని. మా బజారు హిందీలో చాలూ అంటే నడిపించమని. పొద్దున లేస్తే ఈ రెండూ ఒకే నోటితో మాట్లాడతాం. పప్పు వడ్డిస్తుంటే చాలు అంటాం, ఫ్యాను వేయమంటే చాలూ చెయ్ అంటాం. ఎప్పుడూ తేడా రాలేదు. నా దగ్గు పుణ్యమా అని ఇవాళ వచ్చింది.

"అన్నం కాడ అయితే నాకు సమజయ్యేది," అంది భద్రమ్మ. గొంతు తగ్గింది. "మోటారు కాడ చాలు ఏంది? మోటారంటే చాలూ, బంద్. గంతే. ఇంకో మాట మాకు లేదు."

ఆ వీడియోని పదకొండు వేల మంది చూశారు. వాళ్లలో ఎంతమంది నా దగ్గు మధ్యలో లేచి వెళ్లి స్టార్టర్ నొక్కారో దేవుడికే తెలియాలి. ఫోన్ తీసి వీడియో తీసేయబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది. పట్టుకున్నాక తనే ఉలిక్కిపడి వదిలేసింది.

"తీసేస్తే ఏమైతది? చూసినోళ్లు చూసిండ్రు. తీసేసుడు కాదు, సరిగ్గ చెప్పు. ముందుగాల నా మోటారు చూడు."

అప్పుడు కూర్చుంది. కూర్చున్నాక అసలు సంగతి బయటికొచ్చింది. వాళ్ల నాన్న ముసలయ్య రెండెకరాల మిర్చి చేను ఈ ఏడు కూతురి చేతిలో పెట్టాడు. పంట తీస్తే ఎప్పటికీ చేను నువ్వే చూసుకో, తీయలేకపోతే వచ్చే ఏడు కౌలుకిచ్చేస్తానని ఒకటే మాట అన్నాడు. చిన్నప్పటి నుంచి ఆమె కోరిక ఆ చేనొక్కటే. ఇప్పుడు పూత మీదుంది. మూడు రోజుల్లో నీళ్లు పెట్టకపోతే పూతంతా రాలిపోతుంది.

"మెకానిక్ వచ్చేదాక ఆగు బిడ్డా అన్నడు మా నాయన. నేనే ఇనలే. నాకు ఫోన్ల అంత చెప్తాన్రు అన్న. ఇప్పుడు ఆయన మొకం ఎట్ల చూడాలె?"

కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ కింద పడనివ్వలేదు. ఆ క్షణాన నాకు ఆ మోటారు నడవడం తప్ప లోకంలో మరే పనీ ముఖ్యం కాదనిపించింది.

"వైండింగంతా కాలింది. మామూలుగా నాలుగు రోజులు పడుతుంది. రేపు సాయంత్రానికి ఇస్తాను," అన్నాను.

"నిజంగనా?"

"మీరు చుట్లు లెక్కపెడితే."

రాగితీగ చుట్టేటప్పుడు ఒక్క చుట్టు లెక్క తప్పినా పని చెడుతుంది. నేను పిడి తిప్పుతుంటే ఆమె ఎదురుగా కూర్చుని పైకి లెక్కపెట్టింది. ముప్పై తొమ్మిది. నలభై. నలభై ఒకటి. నేను తలెత్తాను.

"నలభై రెండు. నన్ను చూడకు, తీగ చూడు."

"చూడలేదండి."

"మరి నలభై మూడు ఎట్ల ఆగింది?"

సుక్రాం తన షాపులోంచి మెడ సాచి మూడుసార్లు చూశాడు. నాలుగోసారి ఏకంగా గాలి మిషన్ ఆపి చూశాడు.

మర్నాడు వార్నిష్ ఆరుతుండగా వాన మొదలైంది. మా కొండల వాన మామూలుగా ఉండదు, రేకుల మీద గులకరాళ్లు గుమ్మరించినట్టు పడుతుంది. సందు పొడవునా ఎర్రనీళ్లు పారాయి. భద్రమ్మ గుమ్మంలో నిలబడి చెయ్యి చాచి వానని పట్టుకుంది.

"ఇదే వాన మా చేన్ల పడితే ఎంత మంచిగుండు. మీకెందుకు ఇది? దుమ్ము కడుక్కోనీకా?"

"కావాలంటే పట్టుకెళ్లండి భద్ర గారూ."

"గారు గీరు వద్దు. నన్నెవలు అట్ల పిలువరు. ఎన్కకు తిరిగి ఎవలన్న వచ్చిండ్రా అని చూడాలనిపిస్తది."

"మరి నన్నేమని పిలుస్తారు? అందరూ అన్నా అంటారు."

"నేననను," అంది టక్కున. అని, వెంటనే తల తిప్పేసుకుంది. "మేస్త్రీ అంట."

ఆ మాటకి నా గుండె ఎలా కొట్టుకుందో రాయడం నా వల్ల కాదు. రేకుల మీద వాన చప్పుడు లేకపోతే సుక్రాంకి కూడా వినబడేది.

వాన తగ్గాక కొత్త వీడియో తీశాం. నేను చెప్పాలి, ఆమె అడ్డు తగలాలి. అదీ ఒప్పందం. నేను "కొంచెం లూజు చేయండి" అంటే, "కొంచెమంటే ఎంత? అర చుట్టా, చుట్టా?" అనేది. "వేడెక్కితే" అంటే, "చెయ్యి పెడితే కాలుడా, వెచ్చగుండుడా?" అనేది. ఒక్కో ప్రశ్నకీ నాకు తల తిరిగింది. ఇన్నాళ్లూ నేను నాకే చెప్పుకున్నానని, చేను గట్టు మీద నిలబడ్డ మనిషికి చెప్పలేదని అర్థమైంది. చివర్లో ఆమే అదంతా దోర్లీలో గడగడా చెప్పేసింది. వాళ్ల చుట్టుపక్కల సగం ఊళ్లకి అదే ఇంటి మాట.

వీడియో మొదట్లో నేను ఒక మాట చేర్చాను. "పోయిన వీడియోలో నా మాట వల్ల తర్లగూడలో ఒక మోటారు కాలిపోయింది. తప్పు నాది."

సుక్రాం లబోదిబోమన్నాడు. "పాగల్ అయ్యావా? నీ షాపు పరువు నువ్వే తీసుకుంటావా? రేపటి నుంచి ఈగలు కూడా రావు."

నాకూ భయమేసింది. భద్ర నా వంక చూస్తోంది. నేను బటన్ నొక్కేశాను.

సాయంత్రం మోటారు తిరిగింది. ఆ గుయ్‌మనే చప్పుడు వినగానే ఇద్దరం ఒకేసారి నవ్వాం. మర్నాడు పొద్దున బస్సులో మోటారుని తన పక్క సీట్లో కూర్చోబెట్టుకుని వెళ్లిపోయింది. ఆ మర్నాడు సాయంత్రం దాకా ఫోన్ చేతిలోంచి దించలేదు నేను. చీకటి పడుతుండగా ఒక ఫోటో వచ్చింది. మిర్చి సాళ్ల మధ్య మెరుస్తున్న నీళ్లు. కింద ఒకే మాట: పారుతాంది.

నేను వెళ్లి సుక్రాంని వాటేసుకున్నాను. వాడికి ఒళ్లంతా గ్రీజయింది.

ఈగల సంగతి వినండి. ఆ వీడియోని వారంలో నలభై వేల మంది చూశారు. తప్పు ఒప్పుకున్నవాడు మోసం చేయడని జనం అనుకున్నారు. ఉసూరు నుంచి, భోపాలపట్నం నుంచి, నది అవతల తెలంగాణ ఊళ్ల నుంచి కూడా బస్సు మీద మోటార్లు రావడం మొదలైంది. ఇక ఏ వీడియో అయినా ముందు భద్రకి పంపడం, ఆమె ఫోన్ చేసి తప్పులు పట్టడం, తప్పులైపోయాక కూడా ఫోన్ పెట్టేయకపోవడం రెండు నెలల్లో మా ఇద్దరికీ అలవాటైపోయింది.

గొడవ కామెంట్ల దగ్గర వచ్చింది. జనం నన్ను అన్నా అంటారు కదా. ఆ వీడియో కింద ఎవడో, "అన్నా, వదిన గొంతు బాగుంది," అని రాశాడు. ఇంకొకడు, "వదిన మళ్లీ ఎప్పుడొస్తుంది?" అన్నాడు. చూస్తుండగానే ముప్పై ఏడయ్యాయి. అందులో ప్రొఫైల్లో ఎద్దు బొమ్మ పెట్టుకున్న ఎవడో ఏకంగా, "అల్లుడు మంచిగ చెప్పిండు," అని పెట్టాడు. నేను ఒక్కోదాన్నీ రెండేసి సార్లు చదువుకునేవాణ్ణి. కానీ ఊళ్లో ఎవరైనా చూసి భద్రని ఏమైనా అంటే? వాళ్ల నాన్న చూస్తే? పెళ్లి కాని పిల్ల. ఒక రోజు కూర్చుని ముప్పై ఏడూ తీసేశాను.

అంతే, ఆ రోజు నుంచి భద్ర ఫోన్ ఎత్తలేదు. నాలుగు రోజులు. ఐదో రోజు ఎత్తి, "నీ మోటార్లు నువ్వు చూసుకో మేస్త్రీ. నాకు కాయ కోతలున్నయి," అని పెట్టేసింది.

నేను సుక్రాం ముందు కూలబడ్డాను. వాడు నేను చెప్పిందంతా విని, "బస్సెప్పుడుంది?" అని మాత్రం అడిగాడు.

ఒక రోజంతా ప్రయాణం. దంతెవాడ దాటాక ఏం చెప్పాలో తయారు చేసుకున్నాను. బీజాపూర్ దగ్గర మార్చాను. భోపాలపట్నం వచ్చేసరికి మొత్తం మర్చిపోయాను. ఆ రాత్రి అక్కడే తెలిసినవాళ్లింట్లో పడుకుని, తెల్లారి తర్లగూడలో దిగాను.

భద్ర చేనులో ఉంది. చేనంతా ఎర్రగా, వంగిన కొమ్మలతో ఉంది. నన్ను చూసి కోత ఆపలేదు.

"మోటారు ఎలా ఉందో చూద్దామని వచ్చాను," అన్నాను.

"వాగు కాడుంది. చూసుకొని పో."

"కోపమెందుకు భద్రా? నేనేం చేశాను?"

అప్పుడు తిరిగింది. "ఆ మాటలన్ని ఎందుకు తీసేసినవ్?"

"ఏ మాటలు?"

"ముప్పై ఏడు. లెక్క నాకు తెలుసు. రోజు పొద్దుగాల అవే సదువుకునేదాన్ని. ఒక రోజు చూస్తే ఒక్కటి లేదు." చేతిలోని కాయల్ని బుట్టలోకి విసిరింది. "నీకు నామోషీ అనిపిస్తే ఫోన్ల చెప్పొచ్చు గద. మాపటేలకల్ల అన్ని తుడిసేసుడేంది?"

నేను ఆమె కోసం భయపడి తీసేస్తే, ఆమె నాకు ఇష్టం లేదనుకుంది. ఇంత మాటల మనిషిని, చెప్పాల్సిన ఒక్క ముక్క చెప్పలేదు.

"నామోషీ కాదు. మీ ఊళ్లో ఎవరైనా నిన్నేమైనా అంటారని తీసేశాను. తీసే ముందు అన్నీ ఫోటో తీసి దాచుకున్నాను. చూడు." ఫోన్ చేతికిచ్చాను. "నువ్వంటే ఇష్టం భద్రా. నలభై రెండో చుట్టు దగ్గర్నుంచీ ఇష్టం. నన్ను పెళ్లి చేసుకుంటావా?"

ఆమె ఫోన్ వంక చూసింది, నా వంక చూసింది. మొహమంతా నవ్వు వచ్చి, మధ్యలోనే ఆగిపోయింది.

"నాక్కూడ ఇష్టమే. గానీ చేను ఇడిసి కిరండూల్ రాను. మొన్ననే మా నాయన చేను నీదే అన్నడు. ఎంత కష్టపడ్డనో నీకు తెలుసు."

"రమ్మని ఎవరన్నారు?" అన్నాను. బస్సులో మర్చిపోయిన వాటిలో ఈ ఒక్కటే గుర్తొచ్చింది. "నా దగ్గరికొచ్చే మోటార్లలో సగం పైన ఈ దారి మీదుగా వచ్చేవే. వీడియో తీయడానికి కిరండూల్ ఏంటి, తర్లగూడ ఏంటి? షాపే ఇక్కడికి తెస్తాను."

"నిజంగనా? మీ అమ్మ ఏమంటది?"

"ఆ కామెంట్లన్నిటికీ మొదటి లైకు మా అమ్మదే."

వెనక ఎవరో దగ్గారు. ముసలయ్య. తలకి తువ్వాలు చుట్టుకుని, సంచి భుజాన వేసుకుని మొక్కల మధ్య ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో.

"నమస్తే మామా," అన్నాను. అన్నాక గానీ ఏమన్నానో తెలియలేదు.

ఆయన నన్ను నిదానంగా చూశాడు. "ఎద్దు బొమ్మది నాదే. నేను పెట్టింది గూడ తీసేసినవ్."

భద్ర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను భూమిలోకి దిగిపోదామనుకున్నాను. "తెలియక మామా. ఎవరో ఆకతాయి అనుకున్నాను."

"ఊఁ," అన్నాడాయన. సంచి దించి, చేను వైపొకసారి, కూతురి వైపొకసారి చూశాడు. "అది చేను ఇడువదు. నువ్వు షాపు తెస్తనంటున్నవ్. రేపు మాట మార్చుడు ఉండదు గద?"

"ఉండదు."

ఆయన సంచి మళ్లీ భుజానికెత్తుకున్నాడు. ఇంటి వైపు నడిచాడు. మేమిద్దరం వెనకాలే వెళ్లాం. ఒకళ్లనొకళ్లం చూసుకోవడానికి కూడా ధైర్యం చాలక ముందుకే చూస్తూ నడిచాం. రోడ్డు పక్కన ఇంటి ముందు ఖాళీ జాగాలో ఆయన మడమతో నేల మీద ఒక గీత గీశాడు. లోపలికెళ్లి గడ్డపార తెచ్చి నా చేతికిచ్చాడు. భద్ర దొడ్లోంచి ఒక గుంజ ఈడ్చుకొచ్చి నా పక్కన నిలబెట్టింది.

నేను తువ్వాలు నడుముకి బిగించి, ఉండబట్టలేక అడిగాను. "ఇది షాపు గుంజా మామా, పెళ్లి పందిరి గుంజా?"

ముసలయ్య అరుగు మీద కూర్చుని బీడీ వెలిగించుకున్నాడు.

"తవ్వు," అన్నాడు. "రెండిటికి లోతు ఒక్కటే."